ఏడో వంతెన దగ్గర ఆలస్యం

కలైసెల్వి అతికిన దారంలో అతుకు కనపడదని తమిళనాడులోని ఉడుమలైపేట నూలు మిల్లులో పేరు. రింగ్ ఫ్రేమ్ మీద వందల కదుళ్లు ఒకేసారి తిరుగుతుంటే ఎక్కడో ఒకచోట నూలు తెగుతూనే ఉంటుంది. తెగిన చోటికి నడిచి వెళ్లి, ఆ ఒక్క కదురును ఆపి, బాబిన్ మీది కొసను వెతికి పట్టుకుని, పైన రోలర్ల నుంచి దిగుతున్న దూది పోగుకు తగిలించి వదిలెయ్యాలి. మిల్లులో దీన్ని పీసింగ్ అంటారు. చెప్పడానికే ఇంత సేపు గాని చెయ్యడానికి నాలుగైదు సెకండ్లు చాలు. నిమిషంలో పది దారాలు అతికేవాళ్లను మంచి పనివాళ్ల కింద లెక్కవేస్తారు. కలైసెల్వికి పది దారాలకు యాభై సెకండ్లు కూడా పట్టేది కాదు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఏటా పెట్టే పరీక్షలో ఆమె అంకె ఒకటి రెండు సెకండ్లకు మించి మారలేదు.

ఆమె పుట్టింది ఇక్కడ కాదు. తిరుమంగళానికి పడమటగా, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు. తండ్రి ఆండియప్ప పత్తి, మిరప వేసేవాడు. తల్లి తిరుమలమ్మాళ్ పొలంపనికీ ఇంటిపనికీ తానే. ఊళ్లో సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో తమిళం. వీధిలోకి వస్తే రెండూ కలిసిపోయేవి. కలైసెల్వికి పన్నెండేళ్లప్పుడు మధురలో ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే మేనమామ ఒక బూడిదరంగు పెట్టె తెచ్చాడు. దానికి రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒకే ఒక్క క్యాసెట్. దాన్ని వాళ్ల పద్నాలుగు అంగుళాల నలుపు తెలుపు టీవీకి తగిలిస్తే ఆట వచ్చేది.

ఆ క్యాసెట్లో ఆటలు చాలా ఉన్నాయని అట్ట మీద రాసి ఉన్నా, నిజానికి ఉన్నవి రెండే. ఒకటి పక్షుల్ని తుపాకీతో కొట్టడం. రెండోది వంతెనల ఆట. ఒక చిన్న మనిషి పలకల వంతెన దాటాలి. అతను కాలు పెట్టిన పలక ఒక్కసారి తెల్లగా మెరిసి కిందికి రాలిపోతుంది. మెరిసిన ఆ క్షణంలోనే మీట నొక్కితే పొడుగ్గా గెంతుతాడు. ముందే నొక్కితే పొట్టి గెంతు వేసి సందులో పడతాడు. ఆలస్యమైతే పలకతో బాటే పోతాడు. మొత్తం తొమ్మిది వంతెనలు. ఐదో వంతెన దాకా పలకలు నిదానంగా రాలతాయి. ఏడో దాని నుంచి కంటికీ వేలికీ మధ్య ఆలోచనకు చోటుండదు.

ఆమె అన్న రాఘవేంద్రన్ మూడో వంతెన దాటడం అరుదు. కలైసెల్వి ఆరు నెలలు తిరగక ముందే తొమ్మిదీ దాటింది. మిగిలిన మగపిల్లలు సైకిళ్లేసుకుని తిరిగేవాళ్లు. ఈమెకు బయటికి పోయే వీలు తక్కువ, ఆడేందుకు సమయం ఎక్కువ. రాఘవేంద్రన్ చెల్లెలి మీద పందేలు కాసి పక్కవీధి వాళ్లను పిలుచుకొచ్చేవాడు. వాళ్లంతా ఓడిపోయి పోయేవాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ ఆటేమిటో అర్థం కాలేదు గాని, ఆండియప్ప ఒక్కోసారి గుమ్మంలో నిలబడి, "అది వేలు చూస్తా ఉండాదా, కన్ను చూస్తా ఉండాదా?" అని నవ్వేవాడు.

వరసగా మూడేళ్లు వానలు పడని కాలంలో, ప్లస్ టూ అయ్యీ కాకముందే ఆమె మిల్లు పనికి ఉడుమలైపేట వచ్చింది. పీసింగ్ నేర్పడానికి మూడు నెలలు పెడతారు. ఆమెకు నలభై రోజులు సరిపోయాయి. ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పనిచేసే దినకరన్‌ను పెళ్లి చేసుకుంది. గోపిక పుట్టింది. రాఘవేంద్రన్‌కు రైల్వేలో సిగ్నళ్ల పని దొరికి కోయంబత్తూరు పక్కనున్న పోదనూరు క్వార్టర్సులో స్థిరపడ్డాడు. వంతెనల ఆట ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఈలోపల తిరుమలమ్మాళ్ చెయ్యి మొండికెయ్యడం మొదలైంది. మొదట రవిక గుండీ పెట్టుకోవడం కష్టమైంది. అప్పుడామెకు యాభై కూడా నిండలేదు. తర్వాత చెయ్యి చాచి గ్లాసు అందుకోవడానికి ఒక ఘడియ పట్టేది. వణుకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ నరాల జబ్బుతో పదకొండేళ్లు బతికి పోయింది. చివరి రెండేళ్లు కలైసెల్వే సెలవులు పెట్టి వెళ్లి అన్నం తినిపించి వచ్చేది. తల్లి ఒకసారి చెప్పిన మాట ఆమెను గట్టిగా పట్టుకుంది. "చెయ్యి నా మాట వింటాదే పాపా. కాకపోతే లేటుగా వింటాది."

పోయిన ఏడాది చైత్రంలో రాఘవేంద్రన్ ఒక క్వార్టరు నుంచి ఇంకో క్వార్టరుకు మారుతూ అటక దులిపితే బూడిదరంగు పెట్టె బయటపడింది. ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని చెల్లెలింటికి వచ్చాడు. కలైసెల్వి ఇంట్లో ఆ మధ్యే కొన్న నలభై మూడు అంగుళాల టీవీ గోడకుంది. వెనక పసుపు, తెలుపు వైర్లు గుచ్చే రంధ్రాలు ఉండడంతో గోపిక అయిదు నిమిషాల్లో తగిలించింది. తెర మీద చిన్న మనిషి వచ్చాడు. అంత పెద్ద తెర మీద అతని ముక్కూ మూతీ చదరాలు చదరాలుగా కనపడ్డాయి.

రాఘవేంద్రన్ మొదట తుపాకీ తీశాడు. ఎంత కొట్టినా ఒక్క పక్షీ పడలేదు. "చెడిపోయింది" అని పక్కన పెట్టి వంతెనలు పెట్టాడు. రెండో వంతెనలోనే పడ్డాడు. అది లెక్కలోకి వచ్చే సంగతి కాదు, అతను ఎప్పుడూ పడేవాడే.

"ఇటు ఇయ్యి" అని కలైసెల్వి రిమోట్ తీసుకుంది.

నాలుగు వంతెనలు తడబడుతూ దాటింది. ఐదో దాంట్లో రెండుసార్లు పడి, మూడోసారి గట్టెక్కింది. ఏడో వంతెన మొదటి పలక మీదే పోయింది. మళ్లీ ఆడింది. మళ్లీ అదే పలక. నొక్కానని ఆమెకు తెలుసు. మెరిసినప్పుడే నొక్కింది. వేలి కింద మీట దిగిన సంగతి తెలిసింది. మనిషి మాత్రం అప్పుడు గెంతలేదు, గెంతే లోపల పలక లేదు.

"ముప్పై ఏళ్లయింది కదా" అన్నాడు రాఘవేంద్రన్.

"అవు" అంది కలైసెల్వి.

తర్వాత రెండు ఆదివారాలు ఆమె ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆడింది. ఏడో వంతెన ఒక్కసారీ దాటలేదు. మూడో ఆదివారం గోపిక పక్కన కూర్చుని ఆడుతూ, పెద్ద కష్టం లేకుండానే ఆ వంతెన దాటేసింది. పదిహేడేళ్ల పిల్ల, ఆ ఆట పట్టి పది రోజులు కాలేదు.

"ఎట్ల దాటినావే?"

"మెరిసేదాకా చూస్తే ఆగదమ్మా. మెరవబోతాది అనంగా ముందే నొక్కాల."

"ముందే నొక్కితే పొట్టిగా గెంతుతాడు కదా."

"లేదే. సరిగ్గానే గెంతుతా ఉండాడు, చూడు."

కలైసెల్వి చూసింది. నిజమే. కూతురు మెరుపు కన్నా ముందు నొక్కుతోంది, మనిషి సరిగ్గా గెంతుతున్నాడు. తాను మెరుపుతో బాటు నొక్కుతోంది, మనిషి పోతున్నాడు. దీన్నుంచి ఆమె ఒకటే అర్థం తీసుకుంది. తాను మెరుపుతో బాటు నొక్కుతున్నానని అనుకుంటోంది గాని, చెయ్యి ఆ మాట వినేసరికి ఆలస్యమవుతోంది. కూతురికి ముందే నొక్కినట్టు అనిపించేదే అసలు సమయం. తల్లి చెప్పిన మాట ఆమెకు అప్పుడు గుర్తుకు రాలేదు, వంట చేస్తుండగా వచ్చింది. పొయ్యి ఆపేసి కాసేపు ఊరికే నిలబడింది.

ఎవరికీ చెప్పలేదు. అన్నను చూసి వస్తానని దినకరన్‌తో చెప్పి కోయంబత్తూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు బొటనవేలికి చూపుడువేలు తాటించమన్నాడు, వరండాలో నడిపించాడు, కాగితం మీద సున్నాలో సున్నా చుట్టించాడు. "ఇప్పటికేమీ కనపడడం లేదు. కావాలంటే ఆరు నెలలకు మళ్లీ రండి" అన్నాడు. ఆమెకు రెండో వాక్యమే వినపడింది. తల్లికి కూడా మొదటి రెండేళ్లూ ఏమీ లేదనే చెప్పారు.

ఆ వారంలోనే తనను రింగ్ ఫ్రేమ్ నుంచి తీసి ప్యాకింగుకు మార్చమని కాగితం రాసి ఇచ్చింది. కారణం మోకాళ్ల నొప్పి అని రాసింది. సూపర్‌వైజర్ జోతిమణి ఆమె కన్నా ఏడేళ్లు పెద్ద, ఆమెదీ తెలుగు ఇల్లే. పనిలో అందరితో తమిళం మాట్లాడే జోతిమణి, కలైసెల్వితో మాత్రం తెలుగులోనే మాట్లాడేది.

"మోకాలు నొప్పి ఉండేది మెట్లెక్కేటప్పుడు కుంటతాది. నువ్వు కుంటలేదే. నిజం సెప్పు."

జోతిమణి ఆమెను ఫ్రేము దగ్గరికి తీసుకుపోయి, పది దారాలు తానే తెంపి, అతకమని చెప్పి గడియారం చూసుకుంది. నలభై ఎనిమిది సెకండ్లు.

"చూసినావా? నీకన్నా చిన్నవాళ్లు నీతో పోటీ పడలేరు."

"ఈ దినం బాగుండాది అక్కా. మా అమ్మకి గూడా బాగుండే దినాలు ఉండె" అంది కలైసెల్వి. అప్పుడు మిగతాది చెప్పింది. టీవీ ఆట సంగతి చెబుతుంటే తనకే అది చిన్నపిల్లల మాటలా తోచింది. జోతిమణి నవ్వలేదు.

"ఆ ఆటలో యాడ పోతా ఉండాదో నాకు తెలీదు. ఈడ పోలేదు."

"ఈడ పోయేదాకా ఉండి, అప్పురం పోవాలా? అందరూ చూస్తా ఉండంగా? నేనే పోతాను."

జోతిమణి కాగితం మీద సంతకం పెట్టింది. కలైసెల్వి ప్యాకింగులో నూలు చుట్టిన కోన్లను డబ్బాల్లో సర్దే పనికి మారింది. అక్కడ ఎవరూ ఎవరి వేగాన్నీ కొలవరు. అలా నాలుగు నెలలు గడిచాయి. ఆమె ఫ్రేములు ఇంకొకరికి ఇచ్చారు. ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు ఆమె తన కుడిచేతిని పరాయి మనిషిని గమనించినట్టు గమనిస్తూ ఉండేది. వంతెనల ఆట మానేసింది. అడిగితే కళ్లు లాగుతున్నాయని చెప్పేది.

ఇది ఇలా ఉండగా రాఘవేంద్రన్‌కు తుపాకీ మీద మనసు పోలేదు. చెల్లెలింటి నుంచి పెట్టెను, తుపాకీని తీసుకుపోయి పోదనూరులో అయ్యసామి దగ్గర ఇచ్చాడు. స్టేషనుకు పోయే దారిలో అయ్యసామికి టీవీలు బాగుచేసే చిన్న షాపు ఉంది. పాత రైల్వే కాలనీల్లో ఇప్పటికీ లావుపాటి టీవీలు వాడే ముసలివాళ్లు కొందరున్నారు, వాళ్లకు ఇంకో దిక్కు లేదు. అయ్యసామి తుపాకీ విప్పి చూసి, మళ్లీ బిగించి, షాపులో ఉన్న ఇరవై ఒక్క అంగుళాల పాత టీవీకి పెట్టెను తగిలించి కొట్టాడు. పక్షి పడింది.

ఆ సాయంత్రం రాఘవేంద్రన్ చెల్లెలికి ఫోన్ చేశాడు. ఏదో వింత వార్త చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"తుపాకీ చెడిపోలేదంట కలై. మీ ఇంటి టీవీదే తప్పంట. కొత్త టీవీలో బొమ్మ లేటుగా వస్తాదంట. తుపాకీ కొట్టినప్పుడు ఆడ పక్షి ఇంకా రానే రాలేదంట."

కలైసెల్వి ఫోనును రెండో చెవికి మార్చుకుంది.

"లేటా? ఎంత లేటు?"

"అదెవరికి తెలుసు? ఏదో కొంచెం."

"ఎంతో కనుక్కో అన్నా."

"ఏంటికి?"

"సుమ్మానే, ఊరికే. కాదు, నువ్వు కనుక్కోవద్దు. నేనే వస్తా."

ఆదివారం పొద్దున్నే గోపికను వెంటబెట్టుకుని బస్సులో పోదనూరు వచ్చింది. రాఘవేంద్రన్ ఇద్దరినీ అయ్యసామి షాపుకు తీసుకుపోయాడు. అయ్యసామికి అరవై పైన ఉంటాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు. ఆయన పాత టీవీ ముందు స్టూలు వేసి, "కూచో అమ్మిణీ" అన్నాడు.

కలైసెల్వి రిమోట్ పట్టుకుంది. మొదటి వంతెన మీదే ఏదో తేడా తెలిసింది. మీట కిందికి దిగడం, మనిషి పైకి లేవడం రెండు పనులుగా లేవు. ఒకటే పనిగా ఉంది. ఐదో వంతెన ఆగకుండా దాటింది. ఆరు దాటింది. ఏడో వంతెన మొదటి పలక మెరిసింది. అప్పటికే మనిషి రెండో పలక మీద ఉన్నాడు. మూడు, నాలుగు, ఐదు. ఏడు అయిపోయింది.

ఎనిమిదో వంతెన నడుమ పడిపోయింది. ఇంకోసారి ఆడితే మళ్లీ ఏడు దాటి, ఎనిమిదిలో దాదాపు అక్కడే పడింది. కలైసెల్వి తెర వైపు చూస్తూ, "ఇది నాదే" అంది.

"ఏది?" అన్నాడు రాఘవేంద్రన్.

"ఈ పడింది. ఇది నా చెయ్యే. వయసు. ముందు పడింది నాది కాదు."

అతనికి అర్థం కాలేదు. గోపిక "నేనొకసారి" అని కూర్చుంది. ఏడో వంతెన ఇంట్లో అలవోకగా దాటే పిల్ల నాలుగో వంతెనలోనే సందులో పడింది. మళ్లీ ఆడితే మళ్లీ పడింది. ప్రతిసారీ పొట్టి గెంతే.

"ఏమ్మా ఇది? ముందే నొక్కినాను కదా!"

"అందుకే పడతా ఉండావు" అంది తల్లి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది గాని, రిమోట్ వైరును వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"లేటు ఎంతో చూడాలంటివంట కదా" అన్నాడు అయ్యసామి. ఎవరో బాగుచెయ్యడానికి ఇచ్చిన పలచటి టీవీ ఒకటి బల్ల మీద ఉంది. దాన్ని పాత టీవీ పక్కకు జరిపి, ఆట పెట్టె నుంచి వచ్చే వైరును రెండుగా చీల్చి రెంటికీ ఇచ్చాడు. రెండు తెరల మీదా ఒకే మనిషి నిలబడ్డాడు. "ఇప్పుడు నొక్కు."

కలైసెల్వి నొక్కింది. లావు టీవీలో మనిషి లేచాడు. పలచటి టీవీలో మనిషి కూడా లేచాడు, ఒక రెప్పపాటు వెనక. మొదటిసారి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. మళ్లీ మళ్లీ నొక్కితే, ఒకరు గుమ్మం దాటాక ఇంకొకరు దాటినట్టు తెలుస్తుంది.

"ఏంటికి అట్ల అవుతాది?"

అయ్యసామి ఈ ప్రశ్నకు జవాబు ముందే చాలామందికి చెప్పినవాడిలా చెప్పాడు. "పాతదానికి తెలివి లేదమ్మిణీ. లోపలికి ఏమి వస్తే అది వచ్చింది వచ్చినట్టే గీత కింద గీత గీసేస్తాది. కొత్తది తెలివైనది. బొమ్మను మొత్తం పట్టుకుంటాది, పెద్దది చేస్తాది, నున్నగా దిద్దుతాది, అప్పురమే నీకు చూపిస్తాది. సినిమా చూసేవాళ్లకు ఏమీ తెలీదు, మాటా బొమ్మా రెండూ కలిసే లేటవుతాయి కదా. నొక్కేవాళ్లకే తెలుస్తాది."

గోపిక తన ఫోనులో సెకండును రెండు వందల నలభై ముక్కలుగా తీసే వీడియో ఉందని చెప్పి, తల్లి వేలు, రెండు తెరలు ఒకేసారి కనపడేలా పట్టుకుంది. కలైసెల్వి పదిసార్లు నొక్కింది. తర్వాత నలుగురూ ఫోను మీద వంగి, వేలు దిగిన ముక్క నుంచి మనిషి లేచిన ముక్క దాకా లెక్కపెట్టారు. లావు టీవీలో ఎనిమిది, తొమ్మిది. పలచటి దాంట్లో ముప్పై నాలుగు, ముప్పై అయిదు. సెకండులో పదో వంతు కన్నా కొంచెం ఎక్కువ తేడా. అయ్యసామి టీవీ సెట్టింగుల్లోకి పోయి ఆటల కోసం పెట్టిన పద్ధతికి మారిస్తే ఇరవై రెండుకు తగ్గింది, అంతకు మించి తగ్గలేదు.

"పలక మెరిసి పడేదానికి ఎంత పడతాది?" అని అడిగింది కలైసెల్వి.

గోపిక ఏడో వంతెనను పాత టీవీలో వీడియో తీసి లెక్కపెట్టింది. అరవై రెండు ముక్కలు. ఇరవై ఆరు ముక్కలు తెర తినేస్తే మిగిలేది ముప్పై ఆరు. కన్ను చూసి వేలు కదలడానికి అది ఏ మనిషికీ చాలదని అయ్యసామి అన్నాడు. "నువ్వు కాదు, ఎవరొచ్చినా పడాల్సిందే. ఈ పాప దాటిందంటే చూసి దాటలేదు. లేటుకు అలవాటు పడి దాటింది."

షాపు బయట రాఘవేంద్రన్ టీ చెప్పాడు. అప్పుడు కలైసెల్వి అన్నకూ కూతురికీ డాక్టరు సంగతి, ప్యాకింగ్ సంగతి చెప్పింది. ఏడుపేమీ లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టే చెప్పింది.

"నాతో ఏంటికి సెప్పలేదు?" అన్నాడు రాఘవేంద్రన్.

"సెప్పి ఉంటే నువ్వూ నా చెయ్యి చూస్తా కూచుంటావు. నేనొకదాన్ని చూసేది చాలదా?"

"అమ్మకి వచ్చింది నీకు రావాలని ఏముండాది?"

"రాకూడదని గూడా ఏమీ లేదు. వస్తే రానీ. కాని ఇది అది కాదు."

సోమవారం ఆమె జోతిమణి బల్ల దగ్గరికి వెళ్లింది. ఫోనులో వీడియో చూపించింది. జోతిమణి ముక్కలు ముక్కలుగా మొత్తం చూసి, "నేను గడియారంలో చూసి సెప్తే నమ్మలేదు, టీవీ మేస్త్రీ సెప్తే నమ్మినావు" అంది. అందులో కొంచెం కోపం ఉంది. ఫ్రేములు అప్పటికి వేరేవాళ్లకు ఇచ్చేశారు గనుక వెంటనే తిరిగి ఇవ్వడం కుదరలేదు. కలైసెల్వి అడగలేదు కూడా. సంక్రాంతితో మొదలయ్యే తై నెల దాటాక, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే చోట ఒకరు మానేస్తే ఆమెను అక్కడికి వేశారు. అక్కడ రోజుకు మూడు గంటలు ఫ్రేము మీద, మిగతా సమయం నేర్పడం.

అంతకు ముందే, ఆరు నెలలకు డాక్టరు రమ్మన్న తేదీకి ఆమె వెళ్లింది. ఈసారి దినకరన్‌ను తీసుకుపోయింది. డాక్టరు అవే పరీక్షలు చేసి అదే మాట చెప్పాడు. "ఏటా ఒకసారి వస్తే చాలు" అన్నాడు. తిరుగు బస్సులో దినకరన్, "ఇంతకాలం ఒక్కదానివే దీన్ని మోసినావా?" అని అడిగాడు. ఆమె కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ, "మోసే బరువు లేదు. దించేదానికి చోటే దొరకలేదు" అంది.

తర్వాతి వేసవిలో మిల్లుకు నూలును కోన్లకు చుట్టే కొత్త యంత్రం వచ్చింది. దానికి మీటలు లేవు, గాజు తెర మీద వేలు పెట్టాలి. నేర్చుకుంటున్న అమ్మాయిల్లో ముగ్గురికి దానితో గొడవ వచ్చింది. ఆపమని తాకితే వెంటనే ఆగదు, మళ్లీ తాకుతారు. మొదటి తాకుడుకు ఆగి, రెండో తాకుడుకు మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. నూలు చుట్టుకుపోయి కోన్లు పాడవుతున్నాయి. మూడోసారి అలా జరిగినప్పుడు ముగ్గురికీ పనిలో చురుకు లేదని హెచ్చరిక కాగితాలు తయారయ్యాయి.

కలైసెల్వి రెండు రోజులు ఆ యంత్రం పక్కన నిలబడి చూసింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనం బెల్లుకు ముందు జోతిమణి అనుమతితో తన ఫోను పట్టుకుని, ఒక అమ్మాయిని తాకమంది. ఇంటికి పోయి గోపికతో కలిసి ముక్కలు లెక్కపెట్టింది. వేలు తగిలిన తర్వాత తెర మీద రంగు మారడానికి నూట యాభై ముక్కలు పట్టాయి. అర సెకండు పైనే.

మరుసటి రోజు యంత్రాల ఇంజనీరు గదిలో ఆ వీడియో పెట్టారు. ఆయన మొదట అమ్మాయిలు సరిగ్గా తాకడం లేదన్నాడు. కలైసెల్వి తమిళంలో, గొంతు పెంచకుండా, "మీరే వచ్చి తాకండి సార్. నేను వీడియో తీస్తా" అంది. ఆయన వచ్చి తాకాడు. ఆగలేదనుకుని రెండోసారి తాకాడు. యంత్రం ఆగి, మళ్లీ తిరిగింది.

హెచ్చరిక కాగితాలు ఎవరికీ ఇవ్వలేదు. యంత్రం అమ్మినవాళ్లు వచ్చి ఏదో సరిచేయడానికి ఇంకో నెల పట్టింది. అందాకా గాజు తెర పైన ఒక అట్ట అంటించారు. దాని మీద తమిళంలో ఒకసారి తాకి మూడు అంకెలు లెక్కపెట్టమని రాసి ఉంది. ఆ అట్ట రాసింది కలైసెల్వే. అక్షరాలు పెద్దవిగా, వంకర లేకుండా ఉన్నాయి.